మా మనవరాలు ఒక్క తూటా కూడా కాల్చలే

సంపాదకులు గారికి నమస్తే.

పోయిన ఆదివారం మీ జిల్లా ఎడిషన్ల మా మనవరాలి ఫోటో వేసిన్రు, మస్తు సంతోషం, మా ఇంటామె ఆ ముక్క కత్తిరించి బీరువాల పెట్టుకున్నది, ఫాతిమానగర్ల తెలిసినోళ్లంత ఫోన్లు చేసిన్రు. కానీ ఫోటో కింద పెద్దక్షరాలతోని 'తూటాల రాణి' అని రాసిన్రు గదా, దాంతోని నాకు వారం సంది ఇంటి ముంగట నిలబడి జవాబు చెప్పుడే పని అయింది. మా పోరి పుట్టినకాడికెంచి ఒక్క తూటా కూడా కాల్చలే సార్. ఆమె ఆడేది 10 మీటర్ల ఎయిర్ పిస్టల్. అందుల మందు ఉండది, పెద్ద సప్పుడు ఉండది, గాలి ప్రెషర్ తోని 4.5 మిల్లీమీటర్ల సీసం పెల్లెట్ పోయి కాగితానికి తాకుతది, గంతే. పక్కింటాయన పేపర్ చేతుల పట్టుకొని వచ్చి "లైసెన్స్ ఉన్నదా సారూ, పోలీసోళ్లు రారు గదా" అని అడిగిండు. ఆ సైజు పెల్లెట్ తోని 20 జూల్స్ లోపు పవర్ ఉన్న ఎయిర్ గన్నుకి లైసెన్స్ అక్కర్లేదని 2016 ఆయుధాల రూల్స్‌లనే ఉన్నదని చెప్పిన, జూల్స్ అంటే ఏందని అడిగిండు, ఇగ చాయ్ తాగిచ్చి పంపిచ్చిన.

ఇంకోటి. ఫోటో తిప్పి వేసిన్రు. పిస్టల్ ఎడమ చేతుల ఉన్నట్టు పడ్డది. మా పోరిది కుడి చెయ్యి. ఎవరికి తెలుస్తది అనుకుంటరేమో గానీ ఆ చెక్క పిడి కుడి చేతికే పనికొస్తది, ఎడమ చేతుల పట్టుకుంటే ఏలు ట్రిగ్గర్ దాక సక్కగ రాదు. ఆ పిడిని ఆమె చేతికి అతికేటట్టు చెయ్యడానికి మా కాజీపేట వడ్ల ఆయన కాడ నేను మూడు రోజులు కూసున్న, చెక్క పుట్టీ పూసుడు, ఎండనిచ్చుడు, గరుకు కాగితం పెట్టి అరగదీసుడు, చేతిల పెట్టి చూసుడు, మళ్ల పూసుడు. ఆయన తలుపులు, మంచాలు చేసేటోడు, మూడో రోజుకి "సారూ, పెండ్లికూతురి గాజులకి కూడ ఇంత కొలత చూడరు" అన్నడు.

నేను ఈ ఉత్తరం రాసేది మాత్రం తూటా కోసం, ఫోటో కోసం కాదు. మీ రిపోర్టర్ పిల్లగాడు మంచోడే, ఫోన్ చేసి స్కోరెంత అని అడిగిండు. 541 అని చెప్పిన. ఎన్నింటికి అన్నడు. 600కి అన్న, 60 షాట్లు, ఒక్కోదానికి పది. "అబ్బా, అంటే 90 శాతం, డిస్టింక్షన్ గదా సార్" అన్నడు, అదే రాసిండు, '90 శాతం గురితో' అని. ఆ శాతం మాటనే నాకు ముల్లు లెక్క గుచ్చుకున్నది. ఎందుకంటే ఈ ఆటల 90 శాతం అంటే ఏం లేదు. పారిస్ ఒలింపిక్స్‌ల మన హైదరాబాద్ పిల్ల ఈషా సింగ్ 25 మీటర్ల పిస్టల్‌ల 600కి 581 కొట్టింది, అంటే దగ్గర దగ్గర 97 శాతం, ఏమైంది, 18వ స్థానం, ఫైనల్‌కి పోయేది 8 మందే. అదే పోటీల మను భాకర్ 590 కొట్టి రెండో స్థానంల ఫైనల్‌కి పోయింది. తొమ్మిది పాయింట్ల నడిమిట్ల పదిహేను మంది. ఆ రోజు పేపర్లల్ల 'ఈషాకు నిరాశ' అని ఒక్క లైన్ వచ్చింది, ఆ లైన్ చదివి మా పోరి అడిగింది, తాతా 581 కొడితే కూడా నిరాశనేనా, మరి నేను 541 కొడితే ఏమంటరు అని. నేనేం చెప్పాలె.

జర ఓపికతోని చదవండి, 34 ఏండ్లు రైల్వేల గార్డు పని చేసిన, ఇప్పుడు ఆ పేరు కూడ మార్చిన్రు, ట్రైన్ మేనేజర్ అంటున్నరట, రైలు చివర బ్రేక్ వ్యాన్ల ఒక్కన్నే కూసోని కూసోని మాట్లాడే అలవాటు తప్పింది గానీ రాసే అలవాటు మిగిలింది.

2008 ఆగస్టు 11, సోమవారం. ఆ రోజు నేను బల్లార్షా రన్నింగ్ రూముల, అంటే రైలు సిబ్బంది రెస్ట్ తీసుకునే కాడ ఉన్న. పొద్దున రెస్ట్ అయినంక టీవీ కాడ అందరం నిలబడ్డం, బీజింగ్‌ల అభినవ్ బింద్రా 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ ఫైనల్. ఆఖరి షాట్‌కి ముందు ఫిన్లాండ్ ఆయన, మనాయన సమానంగ ఉన్నరు. మనాయన 10.8 కొట్టిండు (ఫైనల్ల ఒక్క షాట్‌కి 10.9 దాక లెక్కేస్తరు), ఫిన్లాండ్ ఆయన 9.7 కొట్టి మూడో స్థానానికి పడిపోయిండు. గోల్డ్. రన్నింగ్ రూముల వంట చేసే ఆయన గంటెతోని పళ్లెం కొట్టుకుంట తిరిగిండు. నేను గూడ చప్పట్లు కొట్టిన. కానీ అదే పొద్దున, అదే హాల్ల, అదే పోటీల, మన హైదరాబాద్ ల పెరిగిన పోరడు గగన్ నారంగ్ ఆడిండని మా అందర్ల ఒక్కడికి తెల్వదు. క్వాలిఫయింగ్ ల బింద్రాకు 596, నారంగ్ కు 595. ఒక్క పాయింటు తక్కువ. 595 కొట్టినోళ్లు ఇంకా ఉన్నరు, స్కోరు సమానం అయితే ఆఖరి సిరీస్, అంటే ఆఖరి పది షాట్లు చూస్తరు, అందుల ఎనకబడి 9వ స్థానం. ఫైనల్ 8 మందికే. ఒక్క పాయింటు ఎక్కువొచ్చినాయన దేశానికి ఒక్కడే గెలిచిన మొట్టమొదటి ఒలింపిక్ గోల్డ్ తెచ్చిండు, ఒక్క పాయింటు తక్కువైనాయన బ్యాగు సర్దుకున్నడు. ఆయన గురించి ఆ సాయంత్రం ఎవరు అడిగిన్రు, నేనే అడగలే.

ఇగ నాలుగేండ్లకి లండన్. ఈసారి ఉల్టా. బింద్రా 594, 16వ స్థానం, ఫైనల్ లేదు. నారంగ్ 598 కొట్టి మూడో స్థానంల ఫైనల్‌కి పోయిండు, ఫైనల్ల 103.1 కలుపుకొని మొత్తం 701.1, బ్రాంజ్ మెడల్. 702.1 రుమేనియా ఆయనకు, 701.5 ఇటలీ ఆయనకు. అంటే వెండికి, కంచుకి తేడా 0.4. ఈ 0.4 అన్నది ఏంది అంటే, రైఫిల్ టార్గెట్ల పది నంబరు ఎంత ఉంటదో తెలుసా సంపాదకులు గారూ, అర మిల్లీమీటరు. బాల్ పెన్నుతోని కాగితం మీద ఊకే ముట్టిస్తే పడే చుక్క. పెల్లెట్ అంతకంటే తొమ్మిది రెట్లు వెడల్పు ఉంటది. ఆ చుక్కని 10 మీటర్ల దూరంకెల్లి నిలబడి కొట్టాలె, ఒక్కసారి కాదు 60 సార్లు. మా పోరి పిస్టల్ టార్గెట్ల పది కొంచెం పెద్దది, 11.5 మిల్లీమీటర్లు, చొక్కా గుండీ అంత. పెద్దదే గదా అంటరేమో, రైఫిల్ని రెండు చేతులతోని పట్టుకొని భుజానికి ఆనిస్తరు, గట్టి క్యాన్వాస్ జాకెట్ ఏసుకుంటరు, ఆ ప్యాంటు ఏసుకొని నడుస్తుంటే రోబో లెక్క ఉంటది. పిస్టల్‌కి ఏం ఆనిచ్చుకునేది ఉండది, ఒక్క చెయ్యే, రెండో చెయ్యి జేబుల పెట్టుకొని నిలబడాలె. గుండె కొట్టుకుంటే పిస్టల్ ముక్కు కదులుతది. నేను చూసిన, నిజంగనే కదులుతది.

నారంగ్ కి కూడ 1997ల వాళ్ల నాయిన మొదలు కొనిచ్చింది ఎయిర్ పిస్టలే, బేగంపేట ఇంటి ఎనక జాగల మొదలుపెట్టిండు, పేరు మాత్రం రైఫిల్‌ల వచ్చింది. తర్వాత రైఫిల్ కొననీకి తల్లిదండ్రులు ప్లాటు అమ్ముకున్నరు. ఇప్పుడు హైదరాబాద్ ల ప్లాటు అంటే ఎంతో మీకు తెలుసు. ఆయన నాలుగు ఒలింపిక్స్ లెక్క వరుసగ చూడండి, 10 మీటర్ల రైఫిల్‌ల: ఏథెన్స్‌ల 12, బీజింగ్‌ల 9, లండన్‌ల 3, రియోల 23. పన్నెండేండ్లు. అందుల పేపర్లకి ఎక్కింది లండన్‌ల మెడల్ వచ్చిన ఒక్క జూలై 30. మిగిలిన మూడు సార్లు గూడ ఆయన ప్రపంచంల మొదటి పాతిక మందిల ఉన్నడు, ఏ ఆటల అయిన అట్ల పన్నెండేండ్లు నిలబడుడు చిన్న ముచ్చట కాదు. నడుమల కామన్వెల్త్ గేమ్స్, 2006 మెల్‌బోర్న్‌ల 4 గోల్డ్‌లు, 2010 ఢిల్లీల 4 గోల్డ్‌లు, ఢిల్లీల 600కి 600 కొట్టిండు, ఒక్కటి గూడ పోలే. రెండేండ్ల ముందు 595 కొట్టి ఇంటికొచ్చినాయనే.

ఈషా సింగ్ సంగతి ఇంకో తీరు. 2005ల పుట్టిన పిల్ల, తొమ్మిదేండ్లప్పుడు 2014ల పిస్టల్ పట్టుకున్నది, 2018ల తిరువనంతపురంల నేషనల్స్‌ల 13 ఏండ్లకే మను భాకర్, హీనా సిద్ధు అసుంటోళ్లను దాటి సీనియర్స్‌ల గోల్డ్ కొట్టింది. హాంగ్జౌ ఏషియన్ గేమ్స్‌ల, అది 2023ల జరిగింది, నాలుగు మెడల్స్, 25 మీటర్ల టీమ్ గోల్డ్, మిగిలిన మూడు సిల్వర్. 2024 జనవరిల జకార్తల 10 మీటర్ల పిస్టల్‌ల గెలిచి ఒలింపిక్ కోటా, అంటే ఒక సీటు తెచ్చింది. ఇక్కడ చాలామందికి తెల్వని ఒక మెలిక ఉన్నది, కోటా గెలిచినోళ్లది కాదు, దేశానిది. ఎవరు పోవాల్నో తర్వాత ట్రయల్స్ పెట్టి తేలుస్తరు. ఈషా 10 మీటర్లల కోటా తెచ్చి, ట్రయల్స్ స్కోర్ల ప్రకారం పారిస్‌ల ఆడింది 25 మీటర్లు. ఆ 25 మీటర్లది మాత్రం నిజం తూటానే, పాయింట్ 22, మీ 'తూటాల రాణి' హెడ్డింగ్ అక్కడ పనికొస్తది. ముందు 30 షాట్లు నిదానంగ, తర్వాత 30 షాట్లు స్పీడ్‌గ, చెయ్యి కిందికి దించి నిలబడాలె, 3 సెకండ్లే టైం, ఆ మూడు సెకండ్లల చెయ్యి లేపి కొట్టాలె, మళ్ల దించి 7 సెకండ్లు ఆగాలె. మా ఇంటామె వీడియో చూసి "ఇది పూజల హారతి ఇచ్చినట్టే ఉన్నది గదా, లేపుడు దించుడు" అన్నది.

నిరాశ అని రాసిన ఏడాదికి, 2025 సెప్టెంబర్‌ల నింగ్బో వరల్డ్ కప్‌ల ఈషా 10 మీటర్ల పిస్టల్ గోల్డ్ కొట్టింది, తేడా 0.1. నవంబర్‌ల కైరో వరల్డ్ చాంపియన్‌షిప్‌ల 25 మీటర్ల పిస్టల్‌ల బ్రాంజ్. అదే 0.1 పారిస్‌ల 10 మీటర్ల పిస్టల్‌ల మను భాకర్‌కు సిల్వర్ పోయి బ్రాంజ్ వచ్చిన తేడా. ఇవన్ని నేను గుర్తుపెట్టుకున్నది మా పోరి వల్లనే, ఆమె గోడ మీద రాసుకున్నది, కాలెండర్ పక్కన.

ఇంకో సంగతి, నారంగ్‌కి కామన్వెల్త్‌ల ఎనిమిది గోల్డ్‌లు వచ్చినయి, ఈషాకి ఇప్పటిదాక అక్కడ ఆడే చాన్సే రాలే. 2022 బర్మింగ్‌హామ్‌ల షూటింగ్ తీసేసిన్రు, 2026 గ్లాస్గోల కూడ లేదు. ఒక తరం పిల్లలకి నాలుగేండ్లకొకసారి దొరికే పెద్ద మెట్టు ఊడిపోయింది. రేపు ఎవరన్న ఈ ఇద్దరి మెడల్స్ పక్కపక్కన పెట్టి లెక్కేస్తే ఈ ముచ్చట యాది చేసుకోవాలె.

ఇగ మా పోరి కథ. ఐనవోలు మల్లన్న జాతరల మొదలైంది. సంక్రాంతికి పోతే బుడగలు కాల్చే తుపాకి కాడ నిలబడ్డది, అప్పుడు పదకొండేండ్లు. జాతర తుపాకులకి గురి వంకర ఉంటది, ఆ సంగతి అందరికి తెల్సు, ఆడేటోనికి తప్ప. మొదటి రెండు పోయినయి. మూడో దానికి ముందు వాళ్ల నాయినతోని అన్నదట, నాయినా ఇది ఎడమకు పోతుంది, నేను కుడికి పడతా అని. తర్వాత ఎనిమిదికి ఎనిమిది బుడగలు. బుడగల ఆయన చేతులు జోడించి "బిడ్డా, వేరే కాడికి పో" అన్నడట. మా అల్లుడు హనుమకొండల సెల్‌ఫోన్ల షాపు నడిపిస్తడు, లెక్కల మనిషి, బుడగలు పగిలిన సంగతి ఆయనకి పెద్దగ అనిపియ్యలే, రెండు షాట్లకే తుపాకి వంకర కనిపెట్టింది సూడు, అదే ఆయనని పట్టేసింది.

పిస్టల్ సెకండ్ హ్యాండ్‌ది లక్షా పదివేలకి తీసుకున్నం, మా బిడ్డ గొలుసు బ్యాంకుల పెట్టింది, ఇంకా అక్కడనే ఉన్నది. గాలి సిలిండర్ నింపుడు నా డ్యూటీ. పట్నంల అయితే పెద్ద సిలిండర్ కెల్లి ఒక్క నిమిషంల ఎక్కుతది, మాకు చేతి పంపే గతి, సైకిల్ పంపు లెక్కనే ఉంటది గానీ 200 బార్ దాక కొట్టాలె. 100 దాటేదాక బాగానే పోతది, 150 కాడ భుజాలు పట్టేస్తయి, 180 కాడ నా బరువంత పెట్టి ఒరిగితే గానీ దిగది, ముల్లు ఎంటిక వాసి జరుగుతది, మోకాళ్లు కలుక్కుమంటయి, మా ఇంటామె పొయ్యి కాడికెల్లి "ఆ పంపు కాడనే పోతవేమో జర చూసుకో" అంటది. అయినా ఎవరికి ఇయ్యను. గేజీ మీద 200 పడ్డప్పుడు వచ్చే సుఖం సర్వీసుల సిగ్నల్ పచ్చగ పడ్డప్పుడు కూడ రాలే.

కొలత తీస్తే మా ఇంట్ల 10 మీటర్లు ఎక్కడ లేదు. హాల్ 5 మీటర్ల ముప్పావు. చివరికి ఎనక బెడ్రూం గోడకెల్లి హాల్ దాటి వంటింటి కిటికీ దాక టేపు పెడితే 10 మీటర్ల 20 సెంటీమీటర్లు వచ్చింది. ఇగ బెడ్రూం గోడకి ఇనుప పెట్టె, అందుల కాగితం టార్గెట్, నేలకెల్లి మీటరు 40 సెంటీమీటర్ల ఎత్తుల, వంటింట్ల సింకు కాడ మా పోరి. సాయంత్రం 6 నుంచి 7 దాక ముందు తలుపుకి లోపటికెల్లి గడియ, హాల్ల ఎవ్వరు ఉండద్దు, టీవీ బంద్, కుక్కర్ బంద్. మా ఇంటామె పెరట్ల చాట పట్టుకొని బియ్యం ఏరుకుంట కూసుంటది. ఆ గంటల కూడ పెల్లెట్ పెట్టి కాల్చేది తక్కువ. ఎక్కువ ఉత్త ట్రిగ్గరే, డ్రై అంటరు. తెల్ల గోడకి ఎదురుగ నిలబడి పిస్టల్ లేపి, నిలిపి, నెమ్మదిగ ఒత్తి, ఒత్తినంక కూడ కన్ను తీయకుండ అట్లనే చూసి, దించుడు. మళ్ల లేపుడు. కోచ్ చెప్పిండట, ఏ నల్ల చుక్కా లేని గోడకి చేస్తేనే చెయ్యి అబద్ధం ఆడదు అని. మొదట్ల నేను నవ్విన, ఏందిది బిడ్డా గోడని బెదిరిస్తున్నవా అని. ఇప్పుడు నేనే సెల్‌ఫోన్ల టైం పెట్టి చూస్తున్న.

పదిహేను రోజులకోసారి నిజమైన షూటింగ్ రేంజ్‌కి పోవాలె. పొద్దుగాల భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్, కాజీపేట కెల్లి సికింద్రాబాద్ 130 కిలోమీటర్ల పైన, అక్కడికెల్లి ఎమ్ఎమ్‌టీఎస్ లోకల్ రైలు పట్టుకొని లింగంపల్లి, అక్కడ ఆటో. 60 షాట్లకి టైం గంటంబావు. పోయి రానీకి పది గంటలు. వచ్చేటప్పుడు మా పోరి సీట్ల ఒరిగి పదో క్లాసు ఫిజిక్స్ పుస్తకం ముఖం మీద పెట్టుకొని నిద్రపోతది. ఒకసారి ఒక స్టేషన్ల బ్యాగు స్కానింగ్ కాడ ఆపిన్రు. పిస్టల్ బొమ్మ తెర మీద కనపడంగనే నలుగురు చుట్టుముట్టిన్రు. అసోసియేషన్ కార్డు చూపిచ్చిన, రూల్ చెప్పిన, నా రైల్వే పెన్షన్ కార్డు గూడ చూపిచ్చిన, 34 ఏండ్లు ఇదే ప్లాట్‌ఫారాల మీద పచ్చ జెండా ఊపినోన్ని, నన్ను బెంచీ మీద కూసోబెట్టి ముప్పావు గంట పేర్లు, అడ్రస్ రాసుకున్నరు. వాళ్ల తప్పు కూడ పూర్తిగ అనను, తుపాకి బొమ్మ కనపడితే ఆపాలె, ఆపకుంటే నేనే తిడుదును. కానీ ఆ రోజు పోయేసరికి రేంజ్‌ల మా పోరికి ఇచ్చిన లేన్ (నిలబడి కాల్చే వరుస) టైం అయిపోయింది, వాపస్ వచ్చినం. దార్ల ఒక్క మాట మాట్లాడలే. జనగామ కాడ అన్నది, తాతా రేపటి సంది స్కార్ఫ్ కట్టుకొని రాను, మొఖం మంచిగ కనపడితె అనుమానం రాదేమో అని. ఏం చెప్పాలె పోరికి.

మీ రిపోర్టర్ ఆఖర్ల అడిగిండు, ఒలింపిక్స్‌కి ఎప్పుడు సార్ అని. ఆయనకి మెట్లు చెప్పాలె. స్టేట్ ఆడాలె, అందుల స్కోరు వస్తే ఆ పైన సౌత్ జోన్, మావలంకర్ అసుంటి పోటీలు, అక్కడ దాటితే నేషనల్స్, నేషనల్స్‌ల మంచి స్కోరు వస్తే ట్రయల్స్, ఒక్క ట్రయల్ కాదు మస్తు ట్రయల్స్, వాటి సగటు, అప్పుడు ఇండియా టీమ్. 541 ఆ మెట్లల్ల మొదటి దాని కాడ ఉన్నది. 541కెల్లి 560కి పోవుడు ఒకెత్తు, 560కెల్లి 575కి పోవుడు ఇంకోటి, అది రెండేండ్లు పట్టచ్చు, నాలుగేండ్లు పట్టచ్చు, రాకపోవచ్చు గూడ. పారిస్‌ల 50 మీటర్ల రైఫిల్‌ల బ్రాంజ్ తెచ్చిన స్వప్నిల్ కుసాలే మా రైల్వే మనిషే, అప్పుడు సెంట్రల్ రైల్వేల టీసీ, కొల్హాపూర్ దిక్కు చిన్న ఊరు. 2012 సంది ఇంటర్నేషనల్ ఆడుతుంటే మొదటి ఒలింపిక్స్ 2024ల దొరికింది. మోకాళ్ల మీద, పండుకొని, నిలబడి, మూడు తీర్ల కాల్చాలె అందుల. ఆ రోజు మా రిటైర్డ్ గార్డుల వాట్సాప్ గ్రూపుల ఒకటే లొల్లి, టికెట్ లేనోన్ని పట్టే చెయ్యి, పదిని వదుల్తదా అని.

ఇగ అసలు అడిగేది. ఉమ్మడి వరంగల్‌ల ఆటలు లేవని కాదు. హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంల 2021ల నేషనల్ ఓపెన్ అథ్లెటిక్స్ అయినయి, పర్వతగిరి మండలం కల్లెడ పోరి దీప్తి జీవంజి పారిస్ పారాలింపిక్స్‌ల 400 మీటర్లల బ్రాంజ్ తెచ్చింది, అటు నిజామాబాద్‌కెల్లి బాక్సర్ నిఖత్ జరీన్ వచ్చింది. 2022ల సర్కారు నిఖత్‌కి, ఈషాకి చెరి రెండు కోట్లు, ఇంటి జాగ ఇచ్చింది, ఇయ్యాల్సిందే, తక్కువ అని కూడ అంట. కానీ మా పోరికి కావాల్సింది 10 మీటర్ల జాగ. తుపాకులు అనంగనే ఊరవతల అడివి, మట్టికట్ట, పోలీసుల రేంజ్ యాదికొస్తది అందరికి, మామునూరు బెటాలియన్‌కి పో అని చెప్పినోళ్లు ఉన్నరు. ఎయిర్ పిస్టల్‌కి గది చాలు. తలుపు ఒకటి, అది గూడ కాల్చేటోళ్ల ఎనక ఉండాలె, ముందుకెల్లి ఎవ్వరు రానీకి లేకుండ. మంచి లైటు. కాగితం పోయి వచ్చేటందుకు తాడు, చక్రం. పెల్లెట్లు ఆగేటందుకు ఇనుప పెట్టెలు. లేన్‌కి కనీసం మీటరు వెడల్పు.

నాకో ఆలోచన వచ్చింది, మా ఇంటామె నవ్వింది గానీ రాస్త. పాత తరం రైలు బోగీ 21 మీటర్ల పైన పొడుగు, మూడు మీటర్ల పైన వెడల్పు. పనికిరాని బోగీలను పట్టుకపోయి కాచిగూడ స్టేషన్ కాడ హోటల్ చేసిన్రు, జనం అందుల బిర్యానీ తింటున్నరు. సీట్లు, బెర్తులు తీసేస్తే ఒక్క బోగీల 10 మీటర్ల లేన్లు రెండు వస్తయి, ఎనక పిల్లలు కూసోనీకి, జాకెట్లు, పెట్టెలు పెట్టుకోనీకి ఇంకా తొమ్మిది పది మీటర్లు మిగుల్తది. గోడలు ఇనుపవే, ఆ చివర తలుపు వెల్డింగ్ చేస్తే అయిపోయె. కిటికీలకి రేకు కొట్టాలె, లోపట రెండు ట్యూబ్‌లైట్ల వరుసలు, ఎండకాలం ఉడికి సస్తరు కాబట్టి పైన గడ్డి కప్పన్న, కూలర్ అన్న పెట్టాలె. కాజీపేటల బోగీలకి కరువు లేదు. ఇద్దరు పిల్లలు ఒక్కసారి, గంటకిద్దరు అంటే సాయంత్రం నాలుగు గంటల్ల ఎనిమిది మంది. మా వంటింట్ల ఒక్కతే. ఈ మాట మీరు రాస్తే అధికారులు చదువుతరు, నేను రాస్తే కాగితం కింద కాగితం పెడ్తరు, రెండు సార్లు పెట్టిన గూడ.

వచ్చే నెల మళ్ల పోటీ ఉన్నది. మీ రిపోర్టర్‌ని నాకు ఫోన్ చెయ్యమనండి, స్కోరు చెప్త, ఓడినా చెప్త. 600కి ఇంత, పోయినసారి 541 అని వెయ్యండి, శాతం వద్దు. ఫోటో వేస్తే పిస్టల్ కుడి చేతుల ఉండేటట్టు చూడండి, పిడి పుట్టీ పెట్టిన వడ్ల ఆయన కూడ మీ పేపరే చదువుతడు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ గార్డు,
ఫాతిమానగర్, కాజీపేట.